నాలుగో గడి

చాకిపాతాలో పొద్దు కంటే ముందు దగ్గు లేస్తుంది.
ఒక ఇంట్లో మొదలై
రేకుల కప్పుల మీదుగా
వాకిలి వాకిలీ తడుముకుంటూ
తగరం గని అంచున చివరి గుడిసె దాకా పోతుంది.
ఆ దగ్గుల్ని పేర్లతో సహా గుర్తుపట్టేవాడు
డాక్టర్ ఎలియోడోరో చోకె.
"కసిమీరో ఇవాళ రెండు మెట్లు దిగాడు" అనేవాడు
కోకా ఆకుల టీ గ్లాసుతో చేతులు కాచుకుంటూ.
మెట్లంటే ఊపిరి మెట్లు.

నేను బెనిగ్నాని.
ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయన సూదులు ఉడకబెట్టాను.
ఊరంతా చెప్పుకునేవి నేనూ చెప్పగలను:
మంచుగాలిలో కంచరగాడిద మీద పోయి
అడ్డం తిరిగిన బిడ్డను బయటికి తీశాడని,
జీతం రాని నెలల్లో
ఒంటిమీది కోటు అమ్మి పెన్సిలిన్ తెచ్చాడని.
నిజమే. ఆ కోటు కొన్నది మా అన్న.
మూడు చలికాలాలు ఆయన ముందే తొడుక్కు తిరిగాడు,
సిగ్గు లేకుండా.

నేను చెప్పాలనుకున్నది అది కాదు. నాలుగో గడి గురించి.

మరణ పత్రంలో
పేరు, వయసు, తేదీ,
నాలుగోది కారణం.
కాగితం కంపెనీది, సిరా కంపెనీది,
కారణమూ కంపెనీదే:
గుండె ఆగింది.
దుమ్ము అని రాస్తే పెళ్లానికి పింఛను.
గుండె అని రాస్తే
వారంలో ఇల్లు ఖాళీ.
పదకొండేళ్లు ఆయన గుండె అనే రాశాడు.
"అబద్ధం కాదుగా బెనిగ్నా,
ఎవరికైనా చివరికి ఆగేది అదేగా"
అనేవాడు, నా వైపు చూడకుండా.
రాయకపోతే ఆస్పత్రి మూస్తారు,
మూస్తే బతికున్నవాళ్లకు దిక్కెవరు?
ఆ లెక్క నాకూ సరిగానే తోచింది.
ఆ లెక్క నంజుకునే నేనూ ముద్ద మింగాను.

తర్వాత ఏం జరిగిందంటే, పెద్దగా ఏమీ జరగలేదు.
పోయిన సెవేరో కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల,
నాన్న ఛాతీ ఎక్స్‌రే ఇమ్మని వచ్చింది.
ఎందుకే అంటే,
కిటికీ అద్దం పగిలింది, అమ్మ అడగమంది, అంది.
ఇచ్చాడు.

రెండ్రోజులకు చీకటి పడ్డాక ఆ దారిన వస్తున్నాం.
లోపల దీపం వెలిగించారు.
కిటికీ నిండా సెవేరో ఊపిరితిత్తులు.
నల్లటి ఆకాశంలో మంచు పడుతున్నట్టు
తెల్లతెల్లగా రాతిపొడి.
దాని వెనక ఆ పిల్ల
వేళ్లు మడిచి కూడికలు చేసుకుంటోంది.

ఆయన వీధిలో చాలాసేపు నిలబడ్డాడు.
నేను చలికి కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాను.

ఆ రాత్రి పాత నకళ్లన్నీ దించాం.
రెండు వందల పధ్నాలుగు.
నేను పేరు చదివాను, ఆయన కొట్టేశాడు,
గుండె మీద ఒక గీత,
పక్కన దుమ్ము, కింద సంతకం.
తొంభై దాటాక నా గొంతు పోయింది.
తెల్లారేసరికి ఆయన వేళ్లు నల్లబడ్డాయి,
గని దిగి వచ్చినవాడి వేళ్లలా, మొదటిసారి.

ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాం.
నికనోరా తలుపు తియ్యలేదు.
హిలారియా తీసింది, కొడుకు చేత చదివించుకుంది.
"చాలా ఆలస్యంగా వచ్చావు డాక్టరూ."
"అవును" అన్నాడు.
ఆమె తిట్టలేదు. కుర్చీ కూడా వెయ్యలేదు.

ఆ నెలే ఉద్యోగం పీకేశారు.
రొట్టెల బట్టీ వెనక గదిలో మంచం వాల్చి
ఇంకో ఇరవై ఏళ్లు చూశాడు జనాన్ని.
గోడ వెచ్చగా ఉండేది, రోగులకు పిండి వాసన నచ్చేది.
పింఛను చివరికి వచ్చింది ముప్ఫై ఏడుగురికి.
పురుడు పోసిన పిల్లల లెక్క ఎవరైనా ఎత్తితే
ఆయన ఈ లెక్క చెప్పి
మాట తప్పించేవాడు.

పోయిన జూన్‌లో పోయాడు, నిద్రలోనే.
లా పాజ్ నుంచి వచ్చిన కుర్ర డాక్టరమ్మ
కలం తెరిచి నన్నే అడిగింది:
కారణం ఏం రాయమంటారు?
గుండె, అన్నాను.
కాసేపు ఆగి, అది నిజమే, అన్నాను.
ఎందుకలా అన్నానో ఆమెకు తెలియదు.

మర్నాడు మామూలుగానే దగ్గు లేచింది.
పడుకునే పేర్లు లెక్కపెట్టుకున్నాను.
కొండ వైపు నుంచి వచ్చేది ఒకటి
ఎవరిదో పోల్చుకోలేకపోయాను.
అన్న వదిలి వెళ్లిన కోటు
చంకల్లో చిరిగింది గానీ ఇంకా చలి ఆపుతుంది.
అది తొడుక్కుని
అటు నడిచాను.